లైన్లోంచి వచ్చేసిన మేమంతా

మా అత్త పోయిందన్న కబురు నాకు ఊళ్లో ఆటో తోలే తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. రోజూ పొద్దున్నే మా వీధి ఆడవాళ్లను రొయ్యల షెడ్డుకు తీసుకెళ్లేది అతనే. అందరికన్నా ముందు వచ్చి నిలబడే మనిషి ఆ పొద్దు రాలేదట. హారన్ కొట్టాడు, పిలిచాడు, చివరికి ఒకామె లోపలికి వెళ్లి చూసింది.

"అక్కా, అత్త నిద్దర్లోనే పోయిందక్కా. బిన్నా బయల్దేరి రా" అన్నాడు.

నాయుడుపేటలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. చేతిలో క్యారేజీ అలాగే పట్టుకుని బస్సెక్కాను.

ఆమె మా నాన్నకు చెల్లెలు. మామయ్య చిన్నవయసులోనే పోతే, తోటపల్లి గూడూరు దగ్గరున్న మా ఊరికే వచ్చేసి, మా వీధిలోనే ఇల్లు కట్టుకుంది. రొయ్యల తలలు తీసే పనికి వెళ్లేది. చదువు లేదు కానీ మాటకు బరువుండేది. ఏ కొట్లో బియ్యం కొనాలి, ఏ డాక్టరు రోగి చెప్పేది పూర్తిగా వింటాడు, ఏ సంబంధం ఖాయం చేసుకోవచ్చు, అన్నీ ఆమెను అడిగే చేసేవాళ్లు. అత్త వద్దందంటే ఆ వీధికి వద్దే. మాకది అలవాటైపోయింది. ఆలోచించే పని ఆమెకు వదిలేసి మేం సుఖంగా ఉండేవాళ్లం.

కరోనా రోజుల్లో కాలేజీలు మూతపడితే నేనూ ఆమెతో షెడ్డుకు వెళ్లేదాన్ని. అప్పుడే మా ఊరి బడిలో టీకాల శిబిరం పెట్టారు. షెడ్డు ఆడవాళ్లమంతా లైన్లో నిలబడ్డాం. అత్త స్నేహితురాలు, మేం పిన్నీ అని పిలిచే ఎదురింటామె, అందరికన్నా ముందుంది. ఇంతలో ఎవరో సూది వేయించుకుంటే రెండు రోజులు జ్వరం తప్పదన్నారు. అత్త ఆలోచనలో పడింది.

"ఇప్పుడు చెరువుల్లో రొయ్యల పట్టుబడి జోరుగా జరగతా ఉంది. జొరమొచ్చి పడుకుంటే మన జాగాలో ఇంకోళ్లు కూసుంటారు. పదండి పోదాం, సీజను అయినాక చూసుకుందాం" అంది.

"ఎట్టాగూ వచ్చినాం గదా మే, యేయించుకొనే పోదాం" అంది పిన్ని.

అత్త నవ్వుతూ ఆమె మణికట్టు పట్టుకుని లైన్లోంచి ఇవతలికి లాగింది. పిన్ని కూడా నవ్వుతూనే వచ్చేసింది. వెనకాలే మేమంతా వచ్చేశాం. టీకా ఎందుకో నేను చదివాను, నాకు తెలుసు. కానీ నాకు సూదంటే భయం. అత్త మాట నాకు మంచి వంకగా దొరికింది.

కొద్ది వారాలకే పిన్నికి దగ్గు మొదలైంది. ఊపిరి అందక నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళితే మళ్లీ ఇంటికి రాలేదు.

ఒక్క డోసుతో పిన్ని బతికేదో లేదో ఎవరూ చెప్పలేరు. పీహెచ్‌సీ డాక్టరమ్మ అత్తకు అదే చెప్పి ఓదార్చబోయింది. అత్త తల అడ్డంగా ఊపింది. "బతికేదో లేదో నాకు తెలవదమ్మా. బతికే దోవ ఒకటి ఉన్నింది. దాంట్లోనించి చెయ్యి పట్టి లాగింది మాత్రం నేనే."

వీధి కూడా అదే అంది. నువ్వు చెబితేనే గదా వచ్చేసినాం అని ఆమె ముందే అన్నవాళ్లున్నారు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

ఆ తర్వాత అత్త మొదట చేసిన పని షెడ్డు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లడం. టీకా జ్వరంతో రానివాళ్ల జాగా ఇంకెవరికీ ఇవ్వకూడదని పట్టుబట్టి, ఒప్పించేదాకా అక్కణ్ణించి కదల్లేదు. తర్వాత శిబిరం పెట్టినప్పుడు మొదట తనే వేయించుకుంది. మర్నాడు జ్వరం వచ్చింది. లోపల పడుకోకుండా వీధి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. "జొరం వస్తాదన్నా గదా, వచ్చింది. పోయేది కూడా చూడండి" అంది వచ్చేపోయే వాళ్లతో. ఆ పక్క రోజు షెడ్డులో తన జాగాలో ఉంది.

అప్పటినుంచి ఖాళీ దొరికితే పీహెచ్‌సీ నర్సమ్మ వెంట ఇంటింటికీ తిరిగేది. నర్సమ్మ టీకా వల్ల మేలేమిటో చెప్పేది. అత్త మాత్రం ముందు అడిగేది, "నీ భయమేందో చెప్పమ్మే" అని. వాళ్లు చెప్పేదంతా అయ్యేదాకా నోరు మెదిపేది కాదు. ఎవరైనా నవ్వితే కసిరేది. చివర్లో తన సంగతి చెప్పేది. "తెలిసి చెప్పకపోతే పాపం, తెలవకుండా చెబితే అంతకన్నా పాపం. నేను తెలవకుండా చెప్పినా. నా మాట ఇని ఒక మనిషి పోయింది." ప్రతి గడపలో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో పక్కన నిలబడిన నాకు తెలుసు. ఇల్లు దాటాక కొంగుతో మొహం తుడుచుకుని పక్కింటికి నడిచేది.

చెరువుల మీద కాపలా ఉండే ఒక ముసలాయన, "టీకాలు చిన్నబిడ్డలకు గదా, నాకెందుకు మే?" అన్నాడు.

"చిన్నబిడ్డయితే సంకనేసుకొని పొయ్యేవాళ్లం మామా. నిన్ను ఎత్తుకొని పోలేం గదా, అందుకే అడగతా ఉండాం" అంది అత్త. ఆయన నవ్వి చొక్కా వేసుకున్నాడు.

ఒక్క గడప మాత్రం మిగిలిపోయింది. పిన్ని కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. గర్భిణులు కూడా వేయించుకోవచ్చని నర్సమ్మ చెప్పినా వద్దందట. అత్త వెళ్లింది, వెంట నేనూ వెళ్లాను.

"మాయమ్మను లైన్లోనించి లాక్కొచ్చినావు. ఇప్పుడు నన్ను లైన్లో నిలబెట్టను వచ్చినావా పెద్దమ్మా?" అందా పిల్ల, గుమ్మం దాటకుండా.

"అవునమ్మే, నేనే లాక్కొచ్చినా" అంది అత్త. "నా మాట ఇనబాక. డాక్టరమ్మను అడుగు, ఆమె ఏం చెబితే అది చెయ్యి. నా మీద కోపంతో మాత్రం మానబాక. కోపం తీర్చుకోను వేరే దోవలుండాయి" అంది.

ఆ పిల్ల తలుపు మూసేసింది.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి నెల్లూరులో టీకా వేయించుకుందని నర్సమ్మ చెప్పింది. ఆ పూట అత్త మారు అన్నం పెట్టుకుని తింది. తర్వాత ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఆ పాప వీధిలో ఆడుకుంటుంటే అత్త ఆగి చూసేది. ఎప్పుడూ ఎత్తుకోలేదు.

నాకు నాయుడుపేటలో ఉద్యోగం వచ్చాక అత్త ఫోన్ చేసేది. ఒకసారి అదీ ఇదీ మాట్లాడుతూ ఉన్నట్టుండి అడిగింది: "ఆ పొద్దు అందరం వచ్చేసినాం గదా మే లైన్లోనించి. నువ్వూ వచ్చినావు గదా?"

నన్ను నిలదీయడానికి అడగలేదు. అవునత్తా, నేనూ వచ్చేశాను అంటే చాలు, ఆ బరువు కొంచెం దిగేది. నేనేమన్నానంటే, "ఎందుకత్తా ఇప్పుడా మాటలన్నీ" అన్నాను. "అంతేలే" అని బియ్యం ధర గురించి మాట్లాడింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నేను ఊరు చేరేసరికి షెడ్డు ఆడవాళ్లంతా అత్త ఇంటి ముందే ఉన్నారు. ఆ రోజు ఎవరూ పనికి పోలేదు. లోపల అత్త పక్కన, గోడ వారగా చాప మీద పిన్ని కూతురు కూర్చుని ఉంది. పాప ఆమె ఒళ్లో నిద్రపోతోంది. నేను దగ్గరికి వెళ్లి, ఇన్నేళ్లూ అనాల్సిన మాట అత్తకు వినపడని రోజున అన్నాను.

"ఆ పొద్దు అత్త ఒక్కతే కాదమ్మా. నేనూ వచ్చేశాను. నన్నెవరూ లాగలా."

ఆమె పాప నుదుటి మీది జుట్టు పక్కకు తోసింది. "మాయమ్మ ఇంటికొచ్చి జరిగింది చెబితే నేనూ నవ్వినానక్కా. రేపన్నా పొయ్యి యేయించుకోమ్మా అని అనలా. ఆ మాట పెద్దమ్మకు చెప్పాలనుకుంటానే ఉన్నా" అంది.

తర్వాత చాప మీద కొంచెం పక్కకు జరిగింది. నేను కూర్చున్నాను. పాప నిద్రలోనే కాళ్లు చాపుకుని నా ఒళ్లో పెట్టింది. బయట మగవాళ్లు పాడెకు వెదుర్లు కొడుతున్నారు. ఆ చప్పుడుకు లేస్తుందేమోనని ఆమె పాప చెవి మీద చెయ్యి అడ్డం పెట్టింది. నేను పాప కాళ్లు పట్టుకుని అలాగే కూర్చున్నాను.