మళ్ళీగారికి అర్థం కాలేదు

మళ్ళీగారికి ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. మా డిపార్ట్‌మెంటులో ఎవరు నోరు విప్పినా సరే, అది బయటినుంచి వచ్చిన పెద్ద పండితుడైనా, జిరాక్స్ మిషను బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కైనా, ఆయన చెయ్యి పైకి లేస్తుంది. "నాకు అర్థం కాలేదండీ. మళ్ళీ మొదటి నుంచి చెప్తారా?" అంటారు. ఆయన అసలు పేరు ఆయన గైడుకైనా గుర్తుందో లేదో అనుమానమే. నేను పిహెచ్‌డిలో చేరేనాటికే ఆయన అక్కడ ఎంత పాతబడ్డారంటే, సామాన్లకి నంబర్లు వెయ్యడానికి వచ్చిన కొత్త గుమస్తా బీరువాతో పాటు ఆయనకీ ఒకటి వెయ్యబోయాడట.

నేను చిన్నప్పట్నుంచీ ఫస్టు ర్యాంకు మనిషిని. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి మరీ ఇందులో దిగాను. నా విషయం గోడల చెమ్మ. నేల్లోని నీటిని ఇటుకలు ఎలా పీల్చుకుంటాయి, ఆ చెమ్మ గోడమీద ఎంత ఎత్తుకి ఎక్కి ఆగుతుంది అన్నది తేల్చాలి. నేనుంటున్నది మా అక్క ఇంట్లో. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, మాటలు కూడా ఇంజెక్షన్లలాగే ఉంటాయి.

"దీనికి డాక్టరేటెందుకే? మన బాత్రూం గోడనడుగు, అదే చెప్తుంది" అంది.

"నీకు అర్థం కాదులే అక్కా."

"నీకు అర్థమైతే చాలు. చేతిలో ఉన్న ఉద్యోగానికి నీళ్ళొదిలేసి వచ్చావు, అక్కడ కూడా వద్దుపొమ్మంటే ఏం చేస్తావో ముందు అది ఆలోచించు."

మొదటి సెమిస్టర్లో నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే నిజం చెబుతాను. తలూపడం. చేరిన మొదటి వారంలోనే మా కొత్తవాళ్ళందరికీ ఈ విద్య పట్టుబడింది. సెమినార్ గదిలో వెనక వరసలో కూర్చుని, వక్త ఏమన్నా గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళం. చదవని పేపర్ల గురించి "ఆ, అది మంచి పేపరు" అనుకునేవాళ్ళం. ఇంత చదువుకున్నవాళ్ళు ఇంత బాగా బొంకడం నేను మరెక్కడా చూడలేదు. అందులో ముందు వరసలో నేనే ఉన్నానన్న సంగతి అప్పట్లో నాకు తోచలేదు.

మొదటి సెమినారుకి ఎవరో పెద్దాయన వచ్చాడు. తెరమీద మొదటి పేజీకే నా బుర్ర మొద్దుబారింది. అయినా తల ఊగుతూనే ఉంది. మళ్ళీగారు ముందు వరస చివర్న, కుర్చీని అడ్డంగా తిప్పుకుని, వీపు గోడకి ఆనించి కూర్చున్నారు. అటు తెరా చూడరు, ఇటు మాట్లాడేవాణ్ణీ చూడరు. రైలుకోసం కూర్చున్నవాడి వాలకం. ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

"నాకు అర్థం కాలేదండీ."

"ఎక్కణ్ణుంచి అర్థం కాలేదు?" అన్నాడు పెద్దాయన.

"రెండో మాట నుంచండీ."

గదంతా ఘొల్లుమంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారికి నాకు అంతా తేటతెల్లమైంది. నా తెలివితేటలకి నేనే మురిసిపోయాను. ఇంతకాలంగా ఇక్కడున్న ఈ మనిషికి ఏమీ ఎక్కలేదు, ఎవరిచ్చారు ఇతనికి సీటు అనుకున్నాను.

జిరాక్స్ మెకానిక్ సంగతి మరీ ఘోరం. మిషను ఎందుకు కాగితాలు నమిలేస్తోందో అతను చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాడు. ఇంకోసారి అన్నారు. చివరికి అతను స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టి, "మీరే చేసుకోండి సార్, నాకిప్పుడు ఏదీ అర్థం కావట్లేదు" అని వెళ్ళిపోయాడు.

"కుర్చీ ఎందుకండీ అలా వంకరగా వేసుకుంటారు?" అని ఒకసారి అడిగాను.

"నడుం నొప్పమ్మా" అన్నారు.

నడుం నొప్పి ఉన్న మనిషి సిమెంటు బస్తా భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ మా ల్యాబు మెట్లెక్కడం నేను కళ్ళారా చూశాను. అబద్ధమైనా అతికినట్టుండాలి కదా!

క్యాంటీన్లో కూడా ఆయన పీడ తప్పేది కాదు. నా పరిశోధనకంతటికీ ఆధారం ఒక బొమ్మ. మా ల్యాబులో పాత రిపోర్టులోది, గైడు ఇచ్చారు. నీళ్ళ పళ్ళెంలో ఒక ఇటుక నిలబడి ఉంటుంది, లోపల బాణాలన్నీ పైకి చూస్తుంటాయి. మూలన ఒక్క బుల్లి బాణం మాత్రం కిందికి చూస్తుంటుంది. ఆ బాణం సంగతి తేల్చడానికి నేను చాలా అవస్థ పడ్డాను. తేలిన రోజున ఆనందం పట్టలేక భోజనం దగ్గర చెప్పబోతే, ఎదురుగా దొరికింది మళ్ళీగారు.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. మర్నాడు "ఆ బాణం మళ్ళీ చెప్పు" అన్నారు. ఆ మర్నాడూ అదే పాట. నా ప్లేటు చల్లారిపోయేది, ఆయన ప్లేటు మాత్రం ఖాళీ అయ్యేది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనని అక్కతో చెప్పాను.

"ఊదడం నీకు అలవాటైంది కదా, మంచిదే" అంది అక్క.

సెమిస్టరు చివర్న మాకు ఒక గండం ఉంటుంది. కొత్తవాళ్ళు ఒక్కొక్కరూ కమిటీ ముందు నిలబడి తమ విషయం చెప్పాలి. నచ్చకపోతే అక్కడితో సరి, మూటాముల్లె సర్దుకోవడమే. నేను వదిలేసిన ఉద్యోగంలో అప్పటికే వేరే అమ్మాయి చేరిపోయింది. కమిటీ పెద్ద ఒక ప్రొఫెసరుగారు, ఆయన్ని మేం కత్తెర అంటాం. ఎదుటివాడి వాక్యం ఆయన దగ్గర ఎప్పుడూ సగమే మిగులుతుంది.

ముందురోజు మళ్ళీగారిని వెతికి పట్టుకున్నాను.

"రేపు మీరు దయచేసి ఏమీ అడక్కండి."

"అర్థమైతే ఎందుకడుగుతానమ్మా?"

"అర్థం కాకపోయినా అడక్కండి. కత్తెరగారొక్కరు చాలు నాకు."

"అలాగా? మళ్ళీ చెప్పు, ఎందుకడగొద్దు?" అన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

మర్నాడు తెరమీద ఇటుక బొమ్మ పెట్టి, నేనింకా గొంతు సవరించుకుంటుండగానే కత్తెర ఆడింది.

"చెమ్మ పైకెక్కుతుందని ఇల్లున్న ప్రతివాడికీ తెలుసు. ఇందులో కొత్తేముంది?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు బట్టీపట్టి మరీ వచ్చాను. ఆ జవాబు ఎటుపోయిందో పోయింది. చెమ్మ మీద పరిశోధన చేసేదాని నోట్లో చుక్క తడి లేదు. అందరూ నాకేసి చూస్తున్నారు. మా అక్క ముఖం కళ్ళముందు కనపడింది. కత్తెరగారు పెన్నుకి క్యాపు పెట్టి, "కొత్తేమీ లేకపోతే టీకి వెళ్దామా?" అన్నారు.

అప్పుడు లేచింది ఆ చెయ్యి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నాకు మొదటి బొమ్మే అర్థం కాలేదండీ" అన్నారు మళ్ళీగారు.

"ఇటుక కూడా అర్థం కాలేదా మీకు?" అన్నారు కత్తెర.

"ఇటుక అర్థమైందండీ. ఆ మూల కిందికి చూసే బాణమే... అది తప్పుగా పడిందామ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని భోజనాలు చల్లార్చుకుని చెప్పానే!

"తప్పు కాదండీ, అదే అసలు సంగతి! ఇటుకలోని సన్నటి రంధ్రాలు నీటిని పైకి లాగుతాయి. నీటి బరువు కిందికి లాగుతుంది. ఆ కిందికి లాగేదే ఆ బాణం. రెండూ సరితూగిన చోట చెమ్మ ఆగిపోవాలి."

"ఆగుతుంది కదా మరి?"

"ఆగదండీ! లెక్క ప్రకారం ఆగాల్సిన చోట ఆగదు. పాత గోడల్లో చాలా కిందే ఆగిపోతుంది. ఎందుకో ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నేను తేల్చాలనుకుంటున్నది అదే."

కత్తెరగారు నాకేసి చూశారు, బాణంకేసి చూశారు. పెన్ను క్యాపు తీశారు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా. ఊఁ, కానీ" అన్నారు. ఆ తర్వాత నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చారు. నా తర్వాతివాళ్ళు దాన్ని వింతగా చెప్పుకున్నారు. సాయంత్రానికి నేను గట్టెక్కానని తెలిసింది.

ల్యాబులో మళ్ళీగారు ఇటుకలు తడుపుతున్నారు. నా కోపం ఇంకా చల్లారలేదు.

"అన్నిసార్లు చెప్పాను కదండీ ఆ బాణం గురించి. నిజంగా అర్థం కాలేదా మీకు?"

"ఆ బొమ్మ గీసింది నేనేనమ్మా" అన్నారు. "బాణం కూడా నేనే పెట్టాను. కింద నా పేరు వెయ్యలేదు నువ్వు."

నేను ఇటుకలా నిలబడిపోయాను.

"మరి ఎందుకడిగారు?"

"నువ్వు మర్చిపోయావు కదా" అని ఇంకో ఇటుక తీసుకున్నారు.

"అయితే ఇన్నాళ్ళూ మీరు అడిగినవన్నీ..."

"అబ్బే, సగం నిజంగానే అర్థం కాలేదమ్మా. ఆ మెకానిక్ చెప్పింది నాకింకా అర్థం కాలేదు."

మా సెమిస్టర్లో చివరి సెమినారు మళ్ళీగారిదే. పుణ్యకాలం దాటిపోయేలోపు థీసిస్ ఇచ్చెయ్యమని గైడు మెడలు వంచారు. ఆ రోజు నేను ఆలస్యంగా వెళ్ళాను. ముందు వరస చివర్న అడ్డంగా ఉన్న ఆయన కుర్చీ ఒక్కటే ఖాళీ. కూర్చున్నాను. కూర్చోగానే ఆయన నడుం నొప్పి ఎలాంటిదో తెలిసిపోయింది. అక్కణ్ణుంచి తెర సరిగ్గా కనిపించదు. వెనక వరసలో మాత్రం ప్రతి ముఖమూ కనిపిస్తుంది. ఒకమ్మాయి పెన్ను కొరుకుతోంది. ఒకతను సీలింగుకేసి చూస్తున్నాడు. నాతో పాటు చేరిన పెద్దమనుషులందరూ తలలూపుతున్నారు. ఒక్క తలలోనూ వెలుగు లేదు. ఎన్ని నెలలు నా తల కూడా ఇలాగే కనపడి ఉంటుందో తలుచుకుంటే నవ్వొచ్చింది, ఆయన మీద పట్టరాని ప్రేమా పుట్టింది.

తెర దగ్గర మళ్ళీగారు చెప్పుకుపోతున్నారు. ఆయన మాట్లాడుతుంటే అడగడానికి గదిలో మళ్ళీగారు లేరు. నేను చెయ్యెత్తాను.

"నాకు అర్థం కాలేదండీ. మళ్ళీ మొదటి నుంచి చెప్తారా?"

"నీ పని కూడా ఇదేగా! నీకు అర్థం కాకపోవడమేమిటి?" అన్నారు కత్తెర.

మళ్ళీగారు నాకేసి చూశారు. నా కుర్చీకేసి చూశారు.

"ఎక్కణ్ణుంచి అర్థం కాలేదమ్మా?"

"రెండో మాట నుంచండీ."

ఆయన ముఖం చిట్లించి, "ఈ కాలం వాళ్ళకి ఏదీ ఒక్కసారి చెబితే ఎక్కదు" అని విసుక్కుంటూ, వెనక వరసకేసి తిరిగి మళ్ళీ మొదలుపెట్టారు.