పోలయ్య పాదాలకు తెలిసిన నేల

భూమికి పునాదులు వేసి, దాని మీద మనుషులు నడవడానికి చోటిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకుండా నా చేతులు చదును చేసిన నేల ఒక్కటీ లేదు. ఆయనను తలచుకుంటూనే ఈ సంగతి రాస్తున్నాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగింది. నేను నెల్లూరులో ఉంటాను. అరిగిపోయిన కాంక్రీటు నేలలను బాగుచేసి, వాటి మీద ఎపాక్సీ పూత వెయ్యడం నా వృత్తి. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలను కలిపితే రాయిలా గట్టిపడే పూత. నూనె ఇంకదు, దుమ్ము లేవదు. ఆదివారాలు మా సంఘంలో వాక్యం చెబుతాను. మిగతా రోజులు మోకాళ్ళ మీదే ఉంటాను. ప్రార్థనకు కొంత, పనికి చాలా.

కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే ఒక చేపల పల్లె ఉంది. అక్కడి మెకానిక్ శీనయ్య తన గ్యారేజీ నేల చూడమని పిలిచాడు. పడవ ఇంజన్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు అక్కడ బాగుచేస్తారు. షెడ్డుకు మూడు వైపులే గోడలు. నాలుగో వైపు నుంచి ఉప్పుగాలి, అలల చప్పుడు లోపలికి వచ్చి ఆ ఇనుప సామాన్ల మధ్య తిరుగుతుంటాయి. ఏ వేళప్పుడు వెళ్ళినా ఆ షెడ్డు సగం నిద్రలో ఉన్నట్టే ఉండేది.

నేల మాత్రం బాగా దెబ్బతిని ఉంది. బరువైన ఇంజన్లు దింపిన చోటల్లా గుంటలు, గుంటల్లో నల్లగా నూనె.

"అద్దం మాదిరి చెయ్యాలన్నా," అన్నాడు శీనయ్య. "ఒక్క గుంట కూడా ఉండకూడదు. పోయిన వానల్లో మా నాయన ఈడే జారి పడినాడు. తుంటి ఇరగలేదు, అదృష్టం. మళ్ళీ పడితే లేస్తాడా?"

వాళ్ళ నాయన పోలయ్య గారు అప్పుడు గోడ లేని వైపు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఆ గ్యారేజీ పెట్టింది ఆయనే. నీటికాసుల జబ్బుతో చూపు పూర్తిగా పోయి చాలా కాలమైంది. అయినా రోజంతా అక్కడే ఉండేవారు. ఇంజను తిప్పితే చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పేవారు. లేచి, చేతికర్ర లేకుండా, పనిబల్ల దాకా నడిచిపోయేవారు. అలవాటు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

మొదటి పని గ్రైండింగ్. వజ్రపు పళ్ళున్న యంత్రంతో పై పొరను రుద్ది, నూనె తాగిన భాగాన్ని తీసెయ్యాలి. తర్వాత నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకు టేపు వేసి వదిలేస్తాం. మర్నాటికి షీటు కింద చెమట పట్టకపోతే నేల పొడిగా ఉన్నట్టు. సముద్రం పక్కన ఈ పరీక్ష తప్పనిసరి. తడి నేల మీద పూత వేస్తే బొబ్బలెక్కి ఊడిపోతుంది. అక్కడ షీటు కింద ఒక్క చుక్క కూడా లేదు. దేవుణ్ణి స్తుతించి, రేపు గుంటలు పూడ్చి ప్రైమర్, అంటే మొదటి పలుచని పూత, వేద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి నేలంతా తడిసి ఉంది. మధ్యలో పెద్ద ముగ్గు. శీనయ్య భార్య మస్తానమ్మ చెంబు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"కొత్త పని గదన్నా! నీళ్ళు చల్లి ముగ్గెయ్యకుండా ఎట్టా? నువ్వు నిన్న ప్రార్థన చేసుకుంటివి, మాకూ ఒకటుండాల గదా."

శీనయ్య తల పట్టుకున్నాడు. "నీళ్ళు తగలకూడదని అంతగా చెప్పినా గదమే!"

"నేల కడగబాక అన్నావు, సరే. కడగలా. శుభం కోసరం చల్లినా. అదీ తప్పేనా?"

నాకు కోపం రాలేదు. కాని రుద్దిన కాంక్రీటు దాహంగా ఉంటుంది, చల్లిన నీళ్ళన్నీ తాగేసింది. ఫ్యాన్లు పెట్టించి ఆ రోజుకు పని ఆపాను.

మధ్యాహ్నం శీనయ్య, మస్తానమ్మ అన్నానికి ఇంట్లోకి వెళ్ళారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఫ్యాన్ల హోరు, అలల హోరు ఒకటైపోయాయి. గ్రైండింగ్ దుమ్ము ఎండలో పలుచని మంచులా తేలుతోంది. కళ్ళు మూతపడుతుండగా ఆ మంచులోంచి పోలయ్య గారు నడిచి వచ్చారు.

వట్టి పాదాలతో, నిదానంగా వచ్చారు. పాదం ఒక గుంటలో పెట్టి ఆగారు. బొటనవేలితో దాని అంచు తడిమారు. పెదవులు కదిలాయి. అక్కణ్ణుంచి ఇంకో గుంటలోకి, దానిలోంచి బల్ల ముందున్న లోతు తక్కువ పల్లంలోకి. ఆ పల్లంలో ఆయన మడమలు అచ్చులో పెట్టినట్టు కూర్చున్నాయి. బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నాకు అది కలేమో అనిపించింది.

"ఎవురో ఉండారే?" అన్నారు, తల తిప్పకుండా.

"నేనే పెద్దయ్యా, పూత వేసేవాణ్ణి."

"రేపు పూడ్చేస్తావా అబ్బయ్యా, ఇయ్యన్నీ?"

"అదే గదా చెప్పినాడు మీ కొడుకు."

"పూడ్చు, పూడ్చు. ఊరికే ఒకసారి తిరిగిపోదామని వచ్చినా." బల్ల అంచు తడిమారు. "ఇంట్లో కోడలు చెయ్యి పట్టుకుంటది. ఈదిలో మనవడు పట్టుకుంటాడు. ఎవురూ పట్టుకోకుండా నేను తిరిగేది ఈ షెడ్డులోనే. కాళ్ళకి దారి తెలస్తది ఈడ."

నా నిద్రమత్తు వదిలిపోయింది. "మరి కొడుక్కి చెప్పలేదేం?"

"వాడు నాకోసరమే గదా చేయిస్తా ఉండేది. చెప్పబాక."

సాయంత్రం సముద్రపు ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. ప్రతి పని మొదలుపెట్టేటప్పుడు, పల్లాలన్నీ పూడుతాయని, కరుకు నేల నునుపవుతుందని పలికిన బైబిలు ప్రవక్త మాటను తలచుకోవడం నాకు అలవాటు. ఆ వాక్యం నా వృత్తికే రాసినట్టు అనిపించేది. ఆ సాయంత్రం మాత్రం అది నా నోట పలకలేదు. అదే ప్రవక్త, గుడ్డివారిని దేవుడు తానే దారిలో నడిపిస్తాడని కూడా అన్నాడు. రెండూ దేవుని మాటలే. నూనె నిలిచే గుంటలు ఉంచితే ఆయన మళ్ళీ జారతాడు. పూడిస్తే దారి పోతుంది. ఏం చెయ్యను ప్రభువా అని అడిగాను. అలలు వస్తూ పోతూ ఉన్నాయి. ఆ సంగతి దాచిపెట్టడం నా వల్ల కాదని మాత్రం తెలిసింది.

తెల్లవారాక శీనయ్య కళ్ళకు నా కండువా కట్టాను. "మంచం కాణ్ణుంచి పనిబల్ల దాకా నడువు" అన్నాను.

"ఏందన్నా ఈ ఆట?" అంటూనే బయలుదేరాడు. కొంచెం దూరం బాగానే వెళ్ళి, గోడవైపు తిరిగిపోయాడు.

మస్తానమ్మ పకపకా నవ్వింది. "బల్ల అట్టుంటే గోడని కావిలించుకునేదానికి పోతావేం!"

మంచం మీద నుంచి పోలయ్య గారు పిలిచారు. "ఒరే, ఎనక్కి రా. ఎడమ కాలికి పెద్ద గుంట తగలస్తది. దాంట్లో నిలబడు. ఇప్పుడు గాలి నీ కుడి చెంపకి కొట్టాల. కొడతా ఉండాదా? ఇంక నేరుగా పో."

శీనయ్య చెయ్యి చాచాడు. బల్ల తగిలింది. నవ్వుతాడనుకున్నాను. కండువా విప్పి, నేల వంక చూస్తూ నిలబడిపోయాడు.

"ముందే చెప్పొచ్చు గదా నాయనా."

"పడింది నేను, బయపడింది నువ్వు. ఏం చెప్పేదిరా?"

అప్పుడు నా ఆలోచన చెప్పాను. ఎపాక్సీ ఇంకా తడిగా ఉండగా క్వార్ట్జ్ ఇసుక, అంటే గట్టి తెల్లరాతి రవ్వ, చల్లితే ఆ చోటు గరుకుగా గట్టిపడుతుంది, కాలు జారదు. మామూలుగా నేలంతటికీ చల్లుతాం. ఇక్కడ ఆయన పాదాలకు తేడా తెలిసేలా, నడిచే దారి వరకే చల్లి, మిగతాది నున్నగా వదిలేద్దామన్నాను. గుంటలు పూడుస్తాం. బల్ల ముందు పల్లంలో నూనె నిలవదు కాబట్టి దాన్ని పూడ్చకుండా, ఉన్న ఆకారం మీదే పూత వేస్తాం.

పోలయ్య గారు తన దారిన నడిచారు. వెనకే మస్తానమ్మ వంగి సుద్దముక్కతో అంచులు గీసుకుంటూ వెళ్ళింది. "నిదానం మామా, నువ్వు పడవలాగా పోతావుండావు" అంటూ. ఆ గీత ఎక్కడా తిన్నగా లేదు. తీగలా వంగుతూ, ఇంజన్లు ఉండే చోట్లను చుట్టుకుంటూ పోయింది. నేను ఇన్నేళ్ళలో గీసిన ఏ గీతా అంత అందంగా లేదు.

పూత పూర్తయ్యాక గట్టిపడేదాకా, దాన్నే క్యూరింగ్ అంటాం, ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. పెట్టనిచ్చిన రోజున పోలయ్య గారు దారి తప్పారు. గరుకు మీద నుంచి నునుపు మీదికి వెళ్ళి, మధ్యలో ఆగి, చేతులు గాలిలో చాపారు. శీనయ్య పరుగెత్తబోతే, "పట్టుకోబాక!" అని అరిచారు. కాళ్ళతో తడుముకుంటూ తిరిగి మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నేను తిరిగి నెల్లూరు వచ్చేశాను గాని, మనసు అక్కడే ఉంది. రోజూ ఆయన కోసం ప్రార్థించాను.

కొన్ని వారాల తర్వాత కోటలో పని పడితే అటు వెళ్ళాను. నేను బండి దిగేటప్పటికి ఆయన బల్ల ముందు, ఆ పల్లంలో మడమలు ఆనించి, చేతిలో స్పానర్ తిప్పుతున్నారు. నా గొంతు విని మంచం వైపు తిరిగి వచ్చారు. ఒంపులన్నీ తిరుగుతూ, తొందర లేకుండా, చేతులు రెండూ వెనక కట్టుకుని.

"అలవాటైందా పెద్దయ్యా?"

"కళ్ళు పోయినాక నన్ను సముద్రం ఒడ్డుకి ఎవురూ పంపడం లేదబ్బయ్యా, పడతానని. ఇప్పుడు దీని మీద నడస్తా ఉంటే, అలలు కూడా వినబడతాయి గదా... చిన్నప్పుడు పొద్దున్నే నాయనతో పడవ కాడికి పోయేటప్పటి ఇసకే అనిపిస్తది."

శీనయ్య పని వదిలి, చేతులు తుడుచుకుని నాయన పక్కన వచ్చి కూర్చున్నాడు.

చదును చెయ్యడమే బాగుచెయ్యడం అనుకుని చాలా ఏళ్ళు పని చేశాను. ఇప్పుడు ఏ నేల చూడటానికి వెళ్ళినా తేమ పరీక్ష కన్నా ముందు, ఇక్కడ ఎవరు నడుస్తారని అడుగుతాను. వాళ్ళను ఒకసారి నడవమంటాను. చదివేవారు ఏ పనివారైనా, ఏ దేవుణ్ణి తలచేవారైనా, ఈ ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, మా చేతులు ముట్టుకునే ముందు చోటును మా కళ్ళకు చూపించు. చూపు లేని పాదాలు నీ గాలి తగిలే వైపు తెలుసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇల్లు చేరేలా కాపాడు. ఆమెన్.