పాస్‌వర్డ్ నాగవ్వ ఇంట్లో ఉంది

లింగమూర్తికి ఒకటే జబ్బు: పాస్‌వర్డ్ అడిగితే తన నోటితో చెప్పడు, ఎవరింటికో పొమ్మంటాడు. పెళ్లిలో పంతులు గోత్రం అడిగినా "మా మేనత్తనడుగుండ్రి" అన్నాడని ఆయన భార్య రమ ఇప్పటికీ చెప్తుంది.

బెల్లంపల్లి గని కార్మికుల వాడలో ఒక వరస ఇళ్లన్నిటికీ లింగమూర్తి తన ఇంట్లో పెట్టి వైర్లు లాగిన కంప్యూటర్ డబ్బానే దిక్కు. పెళ్లి ఫొటోలూ పిల్లల సర్టిఫికెట్లూ అందులో దాచుకుని, ఎవరింటి కంప్యూటర్లో వాళ్లు తెరుచుకుంటారు. పాస్‌వర్డ్ మాత్రం రోజూ మారుతుంది.

ఎమ్మే తెలుగు చదివే స్పందన తన ప్రాజెక్టు అందులోనే దాచింది. సాయంత్రంలోగా పంపకపోతే ఏడాది పోయినట్టే. కంప్యూటరేమో "అనుమతి లేదు" అంటోంది. వైరు పీకి తిరిగి పెట్టింది. ఆపి మళ్లీ వేసింది. అదే మాట. రోజూ పాస్‌వర్డ్ తెచ్చిపెట్టే వాళ్లమ్మ బాసర పోయింది. చేసేది లేక లింగమూర్తికి ఫోన్ చేసింది.

"కాకా, పాస్‌వర్డ్ ఏంది?"

"నాగవ్వ ఇంట్ల ఉన్నది. పోయి ఏం కూరనో అడుగు."

"నేను కూర అడుగుతలేను కాకా!"

"నేను గూడ పాస్‌వర్డే చెప్తున్న బిడ్డా."

పుస్తకాల్లోని మనుషులతో గంటలు గడిపే స్పందనకు ఎదురింటి తలుపు కొట్టాలంటే చలిజ్వరం. అయినా వెళ్లింది. మొన్నటి వానకాలంలో భర్త పోయినప్పటి నుంచి నాగవ్వ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

"అవ్వా... ఏం కూర?"

"పుంటికూర. రా, కూసో."

వద్దనేలోగా పళ్లెం వచ్చింది.

"ఆయన పోయినంక పొయ్యి ముట్టియ్య బుద్ధి గాలే బిడ్డా. నా ఒక్కదానికెందుకని ఎన్నిసార్లు మంచినీళ్లు తాగి పన్ననో. గా లింగమూర్తి పొద్దుగాల్నే వచ్చి ఏం కూర, ఏం కూర అని ఒకటే సతాయింపు. ఇగ వాడకట్టంత గదే అడుగబట్టిరి. వండకుంటె ఏం చెప్పాలె? గింత కూర పిచ్చోళ్లను నేనేడ జూడలే!"

కలుపుతున్న ముద్ద స్పందన చేతిలోనే ఆగిపోయింది.

ఇంటికొచ్చి పాస్‌వర్డ్ కొట్టింది. అనుమతి లేదు! మళ్లీ ఫోన్.

"ఏం కొట్టినవ్?"

"గోంగూర."

"నాగవ్వ ఇంట్ల గోంగూర ఎప్పుడొండిరే? నా డబ్బాకు పుస్తకాల తెలుగు రాదు. అవ్వ ఏమన్నదో గదే కొట్టు!"

పుంటికూర అని కొట్టగానే తలుపు తీసినట్టు తెరుచుకుంది. ప్రాజెక్టు పొద్దుగూకకముందే వెళ్లిపోయింది.

"కాకా, గిదంత నాగవ్వ కోసమేనా?"

"నాగవ్వ కోసమా? సెక్యూరిటీ బిడ్డా, సెక్యూరిటీ!" అని లింగమూర్తి ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు స్పందనకు డబ్బాతో పనేమీ లేదు. అయినా అన్నం వేళకు ఎదురింటి తలుపు కొట్టింది.

"అవ్వా, ఇయ్యాల ఏం కూర?"

"వచ్చిందమ్మా, ఇంకో కూర పిచ్చిది!" అంటూ నాగవ్వ పీట వాల్చింది.