ఆకాశం చూసొచ్చిన పెట్టె

ఎనభైల్లో ఒకసారి సిద్దిపేటలో బస్సెక్కితే సగం జిల్లా నా ఒళ్లోనే కూర్చుంది. పక్కాయన ఒళ్లో మాత్రం ఒక సొట్టపడ్డ పెట్టె. పెద్ద బెలూన్‌కు కట్టి ఆకాశంలోకి వదిలిన సర్కారు పరికరమట. ఎవరి చేనులోనో పడితే, దాన్ని వదిలిన ఆఫీసు మనిషిగా తిరిగి తీసుకెళ్తున్నాడు.

“పైకి పోయేటప్పుడు టికెట్ తీసుకున్నదా సార్?” అన్నాడు కండక్టర్. మా నవ్వుకు బస్సు టాపు లేచిపోయింది. పెట్టె పట్టుకున్నాయనా నవ్వాడు.

“పోయినేడు ఒకటి మా చేన్ల పడ్డది బిడ్డా,” అంది ముందు సీటు అవ్వ. “దాని బెలూన్ కవరు గడ్డివాము మీద కప్పిన. మళ్లెప్పుడు ఇడుస్తరు?”

“ఇగ ఇడువమవ్వా. సర్కారు పైసలు బందు పెట్టింది. గిదే ఆఖరుది.”

అవ్వ చెయ్యి చాచి పెట్టెను నిమిరింది. “గట్లయితే గా కవరు తీసి ఇంట్ల దాస్త బిడ్డా. యాదికుంటది.”

ఆయన కిటికీ వైపు తిరిగి, కంట్లో దుమ్ము పడిందన్నాడు. బయట జోరు వాన. అయినా తెలంగాణ దుమ్మంతా ఆ కంట్లోనే పడిందని నేనూ సాక్ష్యం చెప్పాను.