డేగక్క కలిపిన దారులు

మా ప్రయోగశాలలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. హాజరు పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆ పేరుతో ఆమెకే పనిపడేది కాదు. అందరికీ ఆమె డేగక్క. ఆ పేరు పెట్టింది నేను. కోప్పడుతుందేమో అనుకుంటే, "డేగకి ఎక్కడైనా కళ్లజోడు ఉంటుందా తమ్ముడూ" అని నవ్వి ఊరుకుంది.

ఇరవై రెండేళ్ల కిందట గాజు సామాను కడగడానికి చేరింది. సింకు గది పక్కనే మైక్రోస్కోపు గది. ఒకరోజు తలుపు తీసి ఉంటే తొంగిచూసింది. ఒక పరిశోధకుడు వారం రోజులుగా కొత్తరకం కణమని మురిసిపోతున్నది తెర మీద కనిపించింది. "అది సబ్బు మరకండీ, నేనే సరిగ్గా కడగలేదు" అని చెప్పేసింది. అతని మొహం మాడిపోయింది. ప్రయోగశాల నడిపే మా సార్‌కి మాత్రం ఆ కన్ను నచ్చింది. నెల తిరిగేసరికి ఆమెను తెచ్చి తెర ముందు కూర్చోబెట్టాడు. ఎవరిని ఎక్కడ వాడుకోవాలో మా సార్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆమె చేసే పనేమిటో చెప్పకపోతే ఆమెకు జరిగింది అర్థం కాదు. నీలి వెలుగు పడితే ఆకుపచ్చగా మెరిసే రేణువులు ఉంటాయి, దుమ్ము కన్నా చిన్నవి. వాటికి మందు పూసి బతికున్న కణాల్లోకి వదులుతాం. అవి కణం నడుమనున్న కేంద్రకం వైపు వెళితే మందు పనిచేస్తుందని ఆశ. ఎటు పడితే అటు తిరిగితే ఆశ లేదు. అరసెకనుకు ఒకటి చొప్పున మూడు వందల ఫోటోలు తీస్తాం, అదంతా కలిపి ఒక ఫిల్ము. నల్లటి తెర మీద ఒక్కో ఫోటోలో నలభై యాభై చుక్కలు. ఈ ఫోటోలోని చుక్క తర్వాతి ఫోటోలో ఏ చుక్కో పోల్చి దారి గీసే కంప్యూటర్ ప్రోగ్రాం నేను రాశాను. దానికి తెలిసిందల్లా దగ్గరున్నదాన్ని దగ్గరున్నదానితో కలపడం. చుక్క కనిపిస్తున్నంతసేపు బాగానే ఉంటుంది. కానీ రేణువు కాస్త లోతుకు దిగితే మసకబారి మాయమైపోతుంది. ఐదారు ఫోటోల తర్వాత మళ్లీ తేలుతుంది. అప్పటికి ఆ చుట్టుపక్కల రెండు మూడు చుక్కలు ఉంటాయి. మునిగింది వాటిలో ఏది? నా ప్రోగ్రాం చేతులెత్తేసి కొత్త నంబరు ఇచ్చేది, దారి తెగిపోయేది. తెగిన దారులు కలపడమే డేగక్క ఉద్యోగం.

కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది. ఏసీ నీళ్లు కారే మూల ఒక బకెట్టు. కుర్చీలో మడతపెట్టిన పాత దుప్పటి. ఫోటోలు ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ చుక్కలతో మాట్లాడేది. "ఇక్కడ మునిగావు కదూ, ఎక్కడ తేలతావో చూస్తా" అనేది. కేంద్రకం దాకా చేరితే "వచ్చేశావా తల్లీ" అనేది, బడి నుంచి పిల్ల ఇంటికొచ్చినట్టు. రోజుకు రెండు వందల దారులు కలిపి, సాయంత్రం మంటపుట్టిన కళ్లను కొళాయి కింద పెట్టుకునేది. ఏడేళ్లు ఆ పక్క బల్ల దగ్గరే నేనూ పనిచేశాను. ఆమె అన్నం డబ్బాలో సగం నా పొట్టలోకే వెళ్లింది.

వాళ్లాయన బడి వ్యాను నడుపుతాడు. సైకిల్ షాపు మీద రెండు గదుల ఇల్లు. నేను వెళ్లినప్పుడల్లా ఆయనదొకటే వేళాకోళం. "మా ఆవిడ ఇన్నేళ్లుగా చుక్కలు కలుపుతోంది. పిల్లల పుస్తకంలో అయితే ఈపాటికి కుందేలో ఏనుగో రావాలి కదయ్యా." ఆమె నవ్వేది కానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకునేది. తొమ్మిది పరిశోధన వ్యాసాలకు దారులు కలిపింది. తొమ్మిదింటిలోనూ చివర కృతజ్ఞతల పేరాలో, కరెంటు మెకానిక్కు పక్కన, చిన్న అక్షరాల్లో ఉంది. ఒకసారి ఆ పేరు కూడా తప్పే పడింది. ఇంట్లో చూపించుకోవడానికి ఏముంది?

అందుకే పదో వ్యాసం అంత ముఖ్యమైంది. "ఈసారి రచయితల్లో మీ పేరు వేస్తానమ్మా, నాలుగోది మీదే" అని సార్ అందరి ముందూ అన్నాడు. ఆమె రిటైర్మెంటుకు ఇంకా పధ్నాలుగు నెలలు. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది. మర్నాడు వాళ్లాయన నాకు ఫోన్ చేసి, "నిజమేనా? పేరు పైనే వేస్తారా?" అని రెండుసార్లు అడిగాడు. గొంతులో వేళాకోళం లేదు.

వ్యాసం పత్రికకు వెళ్లింది. రెండు నెలలకు ప్రశ్నలొచ్చాయి. సార్ నన్ను గదిలోకి పిలిచాడు.

"దారులు చేత్తో కలిపిందెవరు, ఆ కన్నును ఎంతవరకూ నమ్మచ్చు అంటున్నారు. చిన్న పరీక్ష పెట్టి పంపిద్దాం. పది ఫిల్ములు తీసుకుని, ఫోటోల వరస చివరి నుంచి మొదటికి తిప్పేసి, నంబర్లు మార్చి ఆవిడకి ఇవ్వు. చెప్పకు."

తిరగేసిన ఫిల్ములో లోపలికి వెళ్లేది బయటికి వెళ్తున్నట్టు కనబడాలి. కన్ను నిజం చూస్తుంటే రెండింటిలోనూ అవే చుక్కలు కలుపుతుంది. ఆమె నెగ్గుతుందని నాకు పిసరంత అనుమానం లేదు. చెప్పకుండా చేయడం మాత్రం నచ్చలేదు. నచ్చలేదని పైకి అనలేదు. నా కాంట్రాక్టు ఏడాదికోసారి ఆయన సంతకంతోనే బతికేది.

ఫలితం మూడుసార్లు లెక్కవేశాను. మామూలు ఫిల్ముల్లో పదిటికి ఎనిమిది దారులు కేంద్రకం వైపు కలిపింది. తిరగేసిన ఫిల్ముల్లోనూ పదిటికి ఎనిమిది కేంద్రకం వైపే కలిపింది. ఎటు తిప్పినా చుక్కల్ని ఇంటికే చేర్చింది.

సార్‌కి చెప్పేముందు ఆమెకే చెప్పాను. నేను చేసిన మంచిపని అదొక్కటే. రెండు తెరలు పక్కపక్కన పెట్టి చూపించాను. ముందుకు వంగి రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"రెండూ నేనే కలిపానా?"

"మీరే అక్కా."

"మళ్లీ పెట్టు. ఏది తిప్పావో చెప్పకు."

మూడు రోజులు కూర్చుంది. ఈసారి చుక్కలతో మాట్లాడలేదు. కళ్లజోడు మాటిమాటికీ తుడుచుకుంటూ, ఒక్కో దారికి పది నిమిషాలు తీసుకుంటూ కలిపింది. మళ్లీ పదిటికి ఎనిమిది. కాగితం చూసి బల్ల మీద బోర్లా పెట్టింది.

"నేను చూడలేదు తమ్ముడూ. కోరుకున్నాను. అదీ జరిగింది" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం సార్ గదికి వెళ్లాం. ఆమె నిలబడే మాట్లాడింది.

"నేను కలిపినవన్నీ తీసేయండి సార్. ఈ మందు మీద పనిచేసిన నాలుగేళ్లవీ. వాటి మీద ఏదీ నిలబెట్టకండి."

"అవి తీసేస్తే మిగిలేదేంటమ్మా?"

మిగిలేదేంటో నేను లెక్కవేసి తెచ్చాను. తెగిన ముక్కలు విడివిడిగా చూస్తే రేణువులు ఎటూ వెళ్లడం లేదు. గిన్నెలో నీళ్లు కదిపితే తిరిగే నలకల్లా అక్కడక్కడే తిరుగుతున్నాయి. సార్ ఆ కాగితం చదివి, మడిచి, సొరుగులో పెట్టాడు. "మీరు మరీ మనసుకు పట్టించుకుంటున్నారు. ఇంటికెళ్లి రెస్టు తీసుకోండి" అన్నాడు.

ఆమె వెళ్లాక నన్ను కూర్చోమన్నాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, అలాంటి ఉపాయం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

"మనిషి చెయ్యి కదా వాళ్ల అభ్యంతరం. అయితే మనిషిని తీసేద్దాం. తెగిన దారుల్ని కూడా నీ ప్రోగ్రామే కలిపేలా రాయి. సరిగ్గా కలుపుతోందో లేదో ఆవిడ పాత దారులతో పోల్చి చూసుకో. తేడా వస్తే సరిచెయ్యి."

"ఆవిడ కలిపినవే తప్పని తేలింది కదా సార్."

"గుడ్డి కన్నా మెల్ల మేలు. నాలుగో పేరు ఖాళీగా ఉంది."

నేను రాశాను. మొదట పదిటికి ఆరే ఆమె దారులతో కలిశాయి. వారం తంటాలు పడి ఒక వాక్యం చేర్చాను: ఏ చుక్కో తేలకపోతే, నడుమకు దగ్గరున్నదానికి మొగ్గు చూపు. పదిటికి తొమ్మిది కలిశాయి. ఆ వాక్యం ఏమిటో నాకు తెలుసు. అది ఆమె కోరిక. ఆమె తప్పని ఒప్పుకుని వదిలేసినదాన్ని నేను ఏరుకొచ్చి యంత్రానికి నూరిపోశాను. ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని, తిరగేసిన ఫిల్ములు దానికీ ఇచ్చాను. పదిటికి ఎనిమిది కేంద్రకం వైపే. ఫలితం చెరిపేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని టీ తాగడానికి వెళ్లాను.

వ్యాసం అచ్చయింది. దారులన్నీ మనిషి చెయ్యి పడకుండా కంప్యూటరే కలిపిందని రాశారు. నాలుగో పేరు నాది. డేగక్క పేరు చివర కృతజ్ఞతల్లో కూడా లేదు. ఆమె పనే లేనప్పుడు ఆమెకు కృతజ్ఞత దేనికి? అప్పటికే ఆమెను కింద అంతస్తులో పెట్టెలకు చీటీలు అంటించే పనికి పంపేశారు. తనే అడిగి వెళ్లిందని సార్ అందరికీ చెప్పాడు.

విషయం తెలిసి పైకి వచ్చింది. చేతివేళ్లకు ఇంకా జిగురు ఉంది. నా తెర మీదే వ్యాసం చదివింది, పేర్ల వరస దగ్గర ఆగకుండా, తిన్నగా దారులు కలిపిన పేరా దగ్గరికి వెళ్లింది.

"తిరగేసిన ఫిల్ములు దీనికీ ఇచ్చావా తమ్ముడూ?"

"ఇచ్చానక్కా."

"ఏమొచ్చింది?"

ఒక్క మాట చెబితే చాలు. ఆమె ఒప్పుకున్నది సరైనదని, ఈ గదుల్లో నిజం చూసిన కన్ను ఆమెదొక్కటేనని తెలిసిపోయేది. పై నెలలో నా కాంట్రాక్టు మీద సార్ సంతకం పడాలి.

"సరిగ్గానే వచ్చిందక్కా. బయటికెళ్లేవి బయటికే చూపించింది."

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. అంత సంతోషం నేను భరించలేకపోయాను.

"అయితే రేణువులు నిజంగానే వెళ్తున్నాయన్నమాట. నా కన్నే చెడింది, పని చెడలేదు. నేను అనవసరంగా అందరినీ కంగారు పెట్టాను. పోనీలే, నీ చేతిలో పడి బాగుపడింది" అంటూ నా భుజం తట్టింది. తర్వాత కాస్త మొహమాటంగా అడిగింది. "మొదటి పేజీ ఒకటి ప్రింటు తీసివ్వవూ. మా ఆయన రోజూ అడుగుతున్నాడు. నాది రాలేదు గానీ మా తమ్ముడిది వచ్చిందని చూపిస్తా."

ప్రింటు తీసి ఇచ్చాను. జిగురు అంటకుండా కాగితాన్ని అంచులు పట్టుకుని తీసుకెళ్లింది.