సువార్త చేసిన ఎర్ర స్ఫటికాలు

ఏడేళ్లుగా దీన్ని ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

విజయనగరం దగ్గర ఒక పరిశోధనశాలలో సువార్త నాకు రెండేళ్లు జూనియర్. కోటబొమ్మాళి అమ్మాయి. తండ్రి అక్కడి బాప్టిస్టు చర్చిలో పాస్టరు. నన్ను అన్నియ్యా అని పిలిచేది. క్వినోన్ అనే కర్బన పదార్థానికి నికెల్‌ను అతికించి కొత్త పదార్థం తయారుచేయడం ఆమె పని. గాలిగానీ తేమగానీ తగిలితే ఆమె వాడే నికెల్ సమ్మేళనం పాడైపోతుంది. అందుకే ద్రావకాన్ని సోడియం మీద రెండు రోజులు మరిగించి, తేమంతా పోయేలా ఆరబెట్టి, నత్రజని నింపిన సీసాలో దాచుకునేది. మొదటిసారే ఎర్రటి స్ఫటికాలు వచ్చాయి. గోరంత. ముందు నాకే చూపించింది.

నాకు మూడేళ్లుగా ఏదీ రాలేదు. ఒకరోజు ఆమె భోజనానికి వెళ్లినప్పుడు ఆ సీసాలోంచి సగం తీసి నా ప్రయోగానికి వాడుకున్నాను. తెలియకూడదని, ఆరబెట్టని మామూలు ద్రావకం పోసి సమం చేశాను. నాది నేను ఆరబెట్టుకోవడానికి బద్ధకమనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. బద్ధకమేనా? ఆ స్ఫటికాలు చూసినప్పుడు నా లోపల కదిలింది ఏమిటి మరి?

తర్వాత మూడుసార్లు ఆమెకు నల్లటి మడ్డే వచ్చింది. నికెల్ అయిపోయింది.

"అన్నియ్యా, నా సీసాలో ఎవులైనా ఏటైనా కలిపినారేటి?"

"నాకేటి తెలుసమ్మా. నువ్వే సరిగ్గా ఆరబెట్టలేదేమో సూసుకో."

సూసుకుంటానంది. నమ్మింది.

మొదటి స్ఫటికాలు పరీక్షలకే ఖర్చయిపోయాయి. ఆ పరీక్షల్లో వచ్చిన గ్రాఫులు ఆ స్ఫటికాలవి కావేమోనని, ఆమె కల్పించిందేమోనని మా గైడు అందరి ముందూ అనుమానించారు. నేను రెండో వరుసలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. నెల తిరక్కుండా ఆమె పరిశోధన మానేసింది.

మరుసటి ఏడాది కొత్త నికెల్ వచ్చింది. గైడు నాకిచ్చారు. ద్రావకాన్ని శ్రద్ధగా ఆరబెట్టి, ఆమె వదిలి వెళ్లిన నోటుబుక్కు పక్కన పెట్టుకుని వరస తప్పకుండా చేశాను. ఎర్రటి స్ఫటికాలు వచ్చాయి. నా థీసిస్‌లో మూడో అధ్యాయం అదే. ఆమె పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు.

రెండేళ్ల క్రితం కొత్తవలస స్టేషన్‌లో కనిపించింది. అక్కడే బడిలో సైన్సు చెబుతోందట. తనే పలకరించింది.

"నీ థీసిస్ సూసినాను అన్నియ్యా. అది నిజంగానే వస్తాదని నీ వల్లే తెలిసింది. నేను అబద్దం ఆడలేదని మా నాన్నకి సూపించినాను. నీ మేలు మరిసిపోను."

పర్లేదమ్మా అన్నాను. ఇంతలో నా రైలు వచ్చింది. ఎక్కేశాను.

సీసాలో పోసినదానికంటే ఆ కృతజ్ఞత తీసుకోవడమే పెద్ద తప్పేమో. ఇదే మాట ఆమెకు రాసి పంపే ధైర్యం ఉందో లేదో తెలియదు. క్షమించమని అడగను. రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. అది కూడా నాకు దక్కకూడనిదేనేమో.