ఎద్దు మందు తిన్న ఆఫీసరు

ఆ రోజుల్లో మా ఊళ్లో గంజాయి అంటే పశువుల మందు, అంతే. ఎద్దుకు విరేచనాలై పారుడు పట్టుకుంటే బైరాగులిచ్చిన ఆకు నెయ్యిలో వేయించి, బెల్లంతో ముద్దచేసి నోట్లోకి తోసేవాళ్లు. అది నేరమనీ, పోలీసులు పట్టుకుపోతారనీ చెబితే మా అవ్వ ముందు ఎద్దు సంగతి చూడమనేది. నేను డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది (ఒక్క సబ్జెక్టే పోయిందని ఊరంతా చెప్పుకున్నాను, నిజానికి మూడు) ఆ మందు చేసే పని నా నెత్తిన పడింది. ఎద్దు చేదు కనిపెడితే ఉమ్మేస్తుందని అవ్వ అన్నది కదా అని, నేను శనక్కాయ విత్తనాలు దోరగా వేయించి, దంచి, ఆ ఆకు ముద్దలో కలిపి, యాలకులు కూడా వేసి, నిమ్మకాయలంత ఉండలు చుట్టి స్టీలు పళ్లెంలో పేర్చాను. అవ్వ చూసి నోరు తెరిచింది. "ఏమిరా, ఎద్దుకు మందు చేయమంటే పెండ్లికి లడ్లు చేసినావే! సరే, రెండు పెడితే సాలు, పో, ఎద్దును కట్టేసి రా" అన్నది. నేను దొడ్లోకి పోయాను.

సరిగ్గా అప్పుడే పంట నష్టం రాసే ఆఫీసరు జీపు మా వాకిట్లో ఆగింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. వానలు ఎగ్గొట్టి శనక్కాయ ఊడ దిగకుండానే, కాయ పట్టకుండానే ఎండిపోయింది. మొత్తం పోయిందని ఆయన రాస్తేనే ఊరికి సాయం, లేకపోతే విత్తనాలకు కూడా దిక్కులేదు. ఆయన పక్క ఊళ్లో జీపు దిగకుండానే 'సగం పంట' అని రాసి పోయాడట. అందుకే మా నాయన బతిమాలి ఇంటికి పిలిచాడు. ఏమీ తెలియని మా అమ్మ మజ్జిగతో పాటు ఎదురుగా కనిపించిన పళ్లెం పట్టుకొచ్చింది. నేను తిరిగొచ్చేసరికి కోస్తా నుంచి వచ్చిన ఆ ఆఫీసరు మూడో ఉండ నములుతూ, "ఎవరమ్మా చేసింది? అమృతంలా ఉన్నాయి!" అంటున్నాడు. జీవితంలో నా పనిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే, సంతోషపడే యోగం కూడా లేకపోయింది.

నాయనను పక్కకు లాగి చెప్పాను.

"ఎన్ని తినినాడు?"

"మూడు."

"ఎద్దుకెన్ని?"

"రెండు."

"నోరు మూసుకోని జీపెక్కు. ఆయప్పకేమన్నా అయితే ఊరు ఊరంతా జైల్లో ఉంటాది."

ఊళ్లో చేలన్నీ తిరిగి మా చేను చేరేసరికి గంట దాటింది. ఆఫీసరు ఒక మేకను చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టాడు, ఆపడే! ఎండిన చేను ముందు నవ్వుతున్న మనిషిని చూసి రైతులు బిత్తరపోయారు. ఇంక అయిపోయింది, సగం కూడా కాదు, నిండు పంట అని రాస్తాడనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన జీపు దిగాడు, బూట్లు విప్పాడు, ఒక శనక్కాయ చెట్టు పెరికాడు. వేళ్లకు ఒక్క కాయ లేదు. "అయ్యో తల్లీ! ఒక్క గింజైనా లేదే!" అని ఆ చెట్టును ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చుని భోరుమన్నాడు. మా తాత పోయిన రోజు కూడా ఏడవని మా నాయన, "ఊరుకో సార్, ఊరుకో" అంటూ ఆయన భుజం పట్టుకుని తనూ ఏడ్చేశాడు. ఆఫీసరు మొత్తం నష్టమని వంకర అక్షరాలతో రాసి, మా అరుగు మీద సాయంత్రం దాకా గుర్రుపెట్టి, లేచి రెండు ముద్దల సంగటి తిని వెళ్లాడు (ఎద్దుకు దానంతట అదే నయమైంది).

సాయం వచ్చింది. అంత దయగల ఆఫీసరును చూడలేదని ఊరు ఏళ్లతరబడి చెప్పుకుంది. నేనూ, నాయనా, అవ్వా నోరెత్తలేదు.

మిగిలిన సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కి ఇప్పుడు నేనూ అదే ఉద్యోగంలో ఉన్నాను. పోయినేడు రాప్తాడు దగ్గర ఒక ముసలి రైతు జీపు తలుపు పట్టుకుని, "ఒక్కసారి దిగి చూడప్పా" అన్నాడు. "ఈడినుంచే కనపడతాండాదిలే పెద్దాయనా" అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించి, సిగ్గేసి దిగాను. చెట్టు పెరికాను. కాయల్లేవు. మొత్తం పోయిందనే రాశాను. ఆ పెద్దాయన మాత్రం నేను రాసింది చూడలేదు, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ఆఫీసరు ఏడ్చినట్టు ఏడవాలని చాలాసేపు ప్రయత్నించాను, ఏడుపు రాలేదు. చివరికి నామీద నాకే నవ్వొచ్చింది. పాపం, ఆయన కూడా నవ్వాడు.